39 డాలర్ల క్లాసు, 14వ స్లైడు

కాలిఫోర్నియాలో లాయర్లు 3 ఏళ్లకోసారి 25 గంటల క్లాసులు పూర్తి చేసి తీరాలి. ఎప్పటిలాగే గడువు మీదికొచ్చాక కూర్చుని, ఓ ఆన్‌లైన్ కంపెనీకి 39 డాలర్లు కట్టి ఈ గంట క్లాసు కొన్నాను. విషయం 'గే, ట్రాన్స్ పానిక్' వాదన, అంటే అవతలి మనిషి గే అనో ట్రాన్స్ అనో తెలిసి షాక్‌లో చంపేశామని నిందితులు చెప్పుకోవడం. నేను చూసేది వీసా కేసులు, క్రిమినల్ కోర్టు మెట్లెక్కి చాలా ఏళ్లయింది. అయినా లిస్టులో దీన్నే నొక్కాను. మాది ఫ్రీమాంట్. క్లాసులో మొదటి కేసు పక్కనున్న న్యూఆర్క్‌ది, మేం కూరగాయలకు వెళ్లే ఊరు.

2002 అక్టోబరులో అక్కడ ఓ ఇంట్లో గ్వెన్ అరౌహో అనే 17 ఏళ్ల ట్రాన్స్ అమ్మాయిని కొట్టి చంపారు. ఆమె ట్రాన్స్ అని తెలిసిన షాక్‌లో ఒళ్లు తెలియని కోపం వచ్చిందని, కాబట్టి అది మర్డర్ కాదు, అంతకన్నా చిన్న నేరమైన మాన్‌స్లాటర్ అని నిందితుల వాదన. 2004లో జ్యూరీ ఎటూ తేల్చలేదు. 2005లో మళ్లీ విచారిస్తే ఇద్దరికి సెకండ్ డిగ్రీ మర్డర్ పడింది.

వైజాగ్‌లో లా చదివేటప్పుడు భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నేవీ ఆఫీసర్ నానావతి కేసుతో పాటు 'గ్రేవ్ అండ్ సడన్ ప్రొవొకేషన్' (ఉన్నట్టుండి తీవ్రంగా రెచ్చగొట్టడం) అని బట్టీ పట్టాం కదా, దానికే ఇక్కడ హీట్ ఆఫ్ ప్యాషన్ అని పేరు. మాన్‌స్లాటర్‌కి 3, 6 లేదా 11 ఏళ్లు. సెకండ్ డిగ్రీ మర్డర్‌కి 15 ఏళ్ల నుంచి యావజ్జీవం. అసలు గొడవంతా ఈ తేడా గురించే. క్లాసు చెప్పిన మేడమ్ మాత్రం ఈ అంకెలు 40వ నిమిషానికి గానీ చెప్పలేదు.

ఆవిడ రిటైరైన పబ్లిక్ డిఫెండర్, అంటే లాయర్ని పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్. ఈ వాదన మీద కాలిఫోర్నియా 2014లో తెచ్చిన చట్టంలోని వాక్యాన్ని రెండుసార్లు, ముక్కముక్కగా చదివారు. చనిపోయిన మనిషి గే అనో ట్రాన్స్ అనో తెలిసినా, ఆ సంగతి బయటపడేలా ఉన్నా, బలవంతమేమీ లేకుండా దగ్గరవ్వాలని చూసినా, దాన్ని రెచ్చగొట్టడంగా లెక్కగట్టకూడదు. అమెరికాలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మాదే. ఆ పది నిమిషాలకే డబ్బులు గిట్టుబాటయ్యాయి. రెండోసారి చదువుతుండగా సరిగ్గా వాక్యం మధ్యలో 'ఇంకా వింటున్నారా?' అని బటన్ ఊడిపడింది. వింటున్నానమ్మా!

ఇక 14వ స్లైడు. ఇలాంటి చట్టాలున్న రాష్ట్రాలకు రంగేసి, లేనివాటిని తెల్లగా వదిలేసిన మ్యాపు, పైన పెద్దక్షరాల్లో 'నిషేధం'. కానీ ఆ మాట పూర్తిగా నిజం కాదు. మా చట్టం మూసింది హీట్ ఆఫ్ ప్యాషన్ అనే ఒక్క తలుపునే. భయపడి చంపానని చెప్పుకునే తలుపు గురించి ఆ వాక్యంలో ఒక్క ముక్క లేదు. ఆ మాట మేడమూ అనలేదు. పైగా మ్యాపులో ఇలినాయ్ తెల్లగా ఉంది. 2017లో మా తర్వాత ఈ చట్టం తెచ్చిన రాష్ట్రమే అది! టెక్సస్ తెల్లగా ఉండటం మాత్రం కరెక్టే.

ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ అర మార్కు మేడమ్ చదివిన తీరుకి. స్లైడు గురించి కంపెనీకి మెయిల్ పెడితే వారం తర్వాత 10 డాలర్ల కూపన్ పంపారు. మొన్న లాగిన్ అయి చూశాను, ఇలినాయ్ ఇంకా తెల్లగానే ఉంది.