రెండో మానిటర్ పెట్టాక సిస్టమ్ స్లో అయిందా? ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు: ఏది మేలు?

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడితే కర్నూలులో ఆల్బమ్ డిజైనింగ్ చేసేవాళ్ల నోట ఒకటే మాట: "అన్నా, రెండో మానిటర్ పెట్టినప్పటి నుంచి సిస్టమ్ మొరాయిస్తాంది. యాదైనా గ్రాఫిక్స్ కార్డు ఎయ్యి." ఎడమ తెర మీద ఫొటోషాప్, కుడి తెర మీద ఫొటోల ఫోల్డరూ వాట్సాపూ. పెద్ద షాపుల్లో అయితే కస్టమర్ కూర్చునే వైపు ఇంకొకటి. తెర కలిపారు, వేగం తగ్గింది, కాబట్టి తప్పు తెరదే అనుకోవడం సహజం. అడిగిన కార్డు అమ్మేస్తే అమ్మినవాడికి లాభమే. కొన్నవాడికి మాత్రం చాలాసార్లు రోగం అలాగే ఉండిపోతుంది.

కాస్త లెక్క వేద్దాం. ఫుల్ హెచ్‌డీ మానిటర్ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20.7 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున తెర మీది బొమ్మ మొత్తం 8 ఎంబీ చిల్లర. ఇప్పుడు 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు తీసుకోండి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అది 10,800 × 3,600, అంటే 3.89 కోట్ల పిక్సెళ్లు. ఒక్క బ్యాక్‌గ్రౌండ్ లేయరే 117 ఎంబీ దాకా ఉంటుంది. దాని మీద పెళ్లికూతురి కటౌటు, పూల బోర్డరు, షాడోలు, పైగా వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ. విండోస్ ఒక్కో విండోకు విడిగా బొమ్మ ఉంచుకుంటుందన్నది నిజమే, అయినా అదంతా కలిపినా ఈ షీటు ముందు లెక్కలోకి రాదు. నాలుగు షీట్లు ఒకేసారి తెరిచి పెట్టుకునే అలవాటు మనవాళ్లకు ఎటూ ఉంది.

మరి రెండో మానిటర్ పెట్టాకే ఎందుకు నెమ్మదించింది? చోటు దొరికింది కాబట్టి. ఇంతకుముందు మూసేసే విండోలు ఇప్పుడు మూయడం లేదు. క్రోమ్‌లో ఇరవై ట్యాబులు, పక్కన పాటలు, ఇంకో మూలన పోయినేడాది ఆల్బమ్. 8 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే మెమరీ) నిండిపోయి, చాలని చోటు కోసం సిస్టమ్ నెమ్మదైన హార్డ్‌డిస్కు మీద పడుతుంది.

దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేదు. తెరిచినవేవీ మూయకుండా రెండో మానిటర్ కేబుల్ మాత్రం పీకి, ఒక షీటు మీద కాసేపు పని చేయండి. అలాగే మొరాయిస్తే మానిటర్‌ను వదిలేయండి. తేలికైతే అప్పుడు కార్డు, కేబుల్, పోర్టు గురించి మాట్లాడుకోవచ్చు. రెండోది, సిస్టమ్ బిగుసుకున్న ఆ నిమిషంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడండి. అంతా సర్దుకున్నాక చూస్తే ఏమీ దొరకదు. డిస్క్ 100 శాతం దగ్గర కదలకుండా ఉందా, మెమరీ 90 దాటిందా, లేక జీపీయూ (గ్రాఫిక్స్) గీత పైకి పోయిందా అన్నది అక్కడే తెలుస్తుంది.

డిస్క్ 100 చూపిస్తూ, లోపల ఇంకా హార్డ్‌డిస్కు మీదే విండోస్ ఉంటే వేరే ఆలోచనే వద్దు, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు). అక్కడో ముక్క ఇక్కడో ముక్క చదవాల్సిన పనిలో నిమిషానికి 7200 సార్లు తిరిగే (7200 ఆర్‌పీఎమ్) హార్డ్‌డిస్కు సెకనుకు వంద, నూటయాభై సార్ల కంటే ఎక్కువ చదవజాలదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ వేల సార్లు చదువుతుంది. ఫొటోషాప్ స్క్రాచ్ డిస్కును (ర్యామ్ చాలనప్పుడు అది వాడుకునే చోటు) కూడా దాని మీదకే మార్చండి. ఇది మర్చిపోయి, ఎస్‌ఎస్‌డీ వేసినా తేడా లేదనేవాళ్లు ఉన్నారు. పాత హార్డ్‌డిస్కు పారేయక్కర్లేదు, అయిపోయిన ఆల్బమ్‌లు దాచడానికి పనికొస్తుంది.

ర్యామ్ సంగతి కొంచెం వేరు. 8 జీబీ ఉన్నచోట 16 చేస్తే ఆల్బమ్ పనికి కచ్చితంగా తెలుస్తుంది. కానీ ఒకే 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీలు మేలు, అదీ విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో మరీ. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. డీడీఆర్4 2400 రకం ర్యామ్ స్టిక్ ఒకటే ఉంటే సెకనుకు 19.2 జీబీ దారి. జత ఉంటే 38.4. రెండు మూడు తెరలు లాగాల్సినప్పుడు ఆ దారి వెడల్పే అక్కరకొస్తుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ నిండడం కళ్లారా చూశాకే కొనండి.

ఇక కార్డు. ఇంటెల్ మూడో తరం ప్రాసెసర్ నుంచే లోపలి గ్రాఫిక్స్ మూడు తెరల దాకా నడపగలదు. మదర్‌బోర్డు మీద పోర్టులు (కేబుల్ గుచ్చే చోట్లు) ఎన్ని ఉన్నాయన్నదే అడ్డం. హెచ్‌డీఎంఐ ఒకటి, వీజీఏ ఒకటి ఉంటే రెండు మానిటర్లకు కార్డు అక్కర్లేదు. కార్డు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది: పాత నాలుగో తరం సిస్టమ్, పక్క తెర మీద ఎప్పుడూ యూట్యూబ్. ఆ వీడియోలు ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే కుదింపు పద్ధతుల్లో వస్తాయి, పాత గ్రాఫిక్స్‌కు అవి విప్పడం రాదు, ప్రాసెసరే మోయాలి. ఎన్విడియా జీటీ 1030 కార్డు వీపీ9 విప్పుతుంది, 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది, వేరే పవర్ కేబుల్ కూడా అడగదు. కొనేటప్పుడు డబ్బా మీద చూడండి: అదే పేరుతో జీడీడీఆర్5 రకం ఉంది, డీడీఆర్4 రకం ఉంది. మొదటిదాని మెమరీ వేగం సెకనుకు 48 జీబీ, రెండోదానికి 16.8 మాత్రమే. జీటీ 710 చవగ్గా వస్తుంది కానీ నేను వద్దంటాను. దానికి వీపీ9 రాదు, కొత్త డ్రైవర్లు రావడం కూడా ఆగిపోయింది.

కార్డు వేయించుకుని కేబుల్ మాత్రం పాత అలవాటుగా బోర్డు పోర్టుకే గుచ్చేవాళ్లు బోలెడు మంది. కొన్నది ఖాళీగా తిరుగుతుంటుంది. క్యాబినెట్ వెనక కార్డు పోర్టులు కింద అడ్డంగా ఉంటాయి, వాటికే పెట్టాలి.

యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్ తెచ్చి మూడో తెర తగిలించడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా నాసి. ఫుల్ హెచ్‌డీ బొమ్మ 60 హెర్ట్జ్‌లో (సెకనుకు 60 సార్లు మారితే) సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు. యూఎస్‌బీ 2.0 దారి 48 కోట్లే. 3.0 అయితే 500 కోట్లు, కానీ ఒక సిస్టమ్‌కు ఆ దారి మీద వెళ్లేది ఇదొక్కటే కాదు. అందుకని బొమ్మను నొక్కి చిన్నది చేసి పంపుతారు, ఆ నొక్కే చాకిరీ ప్రాసెసర్‌దే. ఆ తెర మీద ఒక విండో పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ టాస్క్ మేనేజర్ చూడండి, ప్రాసెసర్ గీత మీ చేతితో పాటే లేస్తుంది. కస్టమర్‌కు ఫొటో చూపించి కూర్చోబెట్టే తెరకైతే చాలు. డిజైన్ చేసే తెరకు వద్దు.

మధ్యాహ్నం రెండింటికి నత్తనడక, రాత్రి తొమ్మిదికి గుర్రం అయితే పైవేవీ కొనకండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో రేకుల షెడ్డు షాపు లోపల ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి పోతే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో బేస్ స్పీడ్ 3 పైన ఉండి, పని మీద ఉన్నప్పుడు 1 చిల్లర చూపిస్తుంటే అదే. ఫ్యాన్ రెక్కల కింద దుమ్ము చాపలా పేరుకుని ఉంటుంది. బ్లోయర్ పెట్టి ఊది, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్పిస్తే సరి.

రెండు చిన్నవి తీసేసి ఒక పెద్ద 4కే మానిటర్ పెట్టాలనే వాళ్లు ఒకటి చూసుకోవాలి. 4కే అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్ల పిక్సెళ్లు. పాత బోర్డుల హెచ్‌డీఎంఐ 1.4 దాన్ని 30 హెర్ట్జ్‌లోనే ఇస్తుంది. మౌస్ బురదలో నడిచినట్టుంటుంది, సిస్టమ్ స్లో అనుకుంటారు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 30 అని కనిపిస్తే కారణం అదే. ఈ ఒక్క ఎంపికకు మాత్రం, బోర్డు మీద అవి లేకపోతే, హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ ఉన్న కార్డు తప్పనిసరి.

పాత సిస్టమ్ మీద ఎంత పెట్టాలన్నది చివరి ప్రశ్న. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. కాబట్టి నాలుగో తరం బోర్డు మీద ఖర్చు పెట్టేటప్పుడు రేపు కొత్తదాంట్లోకి వెంట వచ్చేదే కొనండి. ఎస్‌ఎస్‌డీ వస్తుంది, కార్డూ వస్తుంది. డీడీఆర్3 ర్యామ్ మాత్రం ఆ పాత బోర్డుతోనే పోతుంది.