ఆర్‌డీకిట్‌తో మలేరియా మందులను వలిచి చూశాను

గుణుపురంలో మా ఇంటి వసారాలోనే డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. చిన్నప్పుడు మింగిన క్లోరోక్విన్ చేదు ఇప్పటికీ నాలుక మరవలేదు. అందుకే అణువుల నిర్మాణాన్ని విశ్లేషించే ఆర్‌డీకిట్ అనే సాఫ్ట్‌వేర్ చేతికి రాగానే మొదట ఆ మందు మీదే ప్రయోగించాను.

ఇది ఉచితం, ఎవరైనా వాడుకుని మార్చుకోగల బీఎస్‌డీ లైసెన్సు. కంప్యూటర్‌లో పైథాన్ భాష ఉంటే, దించుకోవడానికి పిప్ అనే ఆదేశం ఒక్కటి చాలు. ఆ తరువాత నెట్ అక్కరలేదు. వానాకాలంలో నాకు అదే పెద్ద ఊరట.

అణువును స్మైల్స్ వరుసగా, అంటే దాని నిర్మాణాన్ని అక్షరాల్లో రాసి ఇస్తే, స్కాఫోల్డ్ (చట్రం) ఆదేశం వలయాలనూ వాటిని కలిపే గొలుసులనూ ఉంచి తక్కినవి కత్తిరిస్తుంది. పూరింటి గడ్డి ఊడదీస్తే దూలాలూ వాసాలూ మిగిలినట్టు. ఈ పద్ధతి 1996లో బెమిస్, మర్కో చూపించినది. 5,120 మందులను వాళ్లు ఇలా వలిస్తే, అందులో సగానికి 32 చట్రాలే సరిపోయాయి.

క్లోరోక్విన్ ఇస్తే క్వినోలిన్ అనే జంట వలయాల చట్రం మిగిలింది. మరో మలేరియా మందు ప్రైమాక్విన్ ఇచ్చాను, మళ్లీ క్వినోలినే! మొదటిది రక్తంలోని పరాన్నజీవిని చంపుతుంది, రెండోది 14 రోజులు వాడితే కాలేయంలో నక్కినదాన్ని పట్టుకుంటుంది. పక్కన వేలాడే గొలుసు, అంటే తోక, ఒకదానికి వలయంలో 4వ స్థానంలో, మరొకదానికి 8వ స్థానంలో ఉంటుంది. కత్తెరకు పోయింది సరిగ్గా అదే. ఆ రోజు పాఠమంతా దీనితోనే గడిచింది.

ఇంకో మలేరియా మందు ఆర్టెమిసినిన్ దగ్గర మాత్రం జాగ్రత్త. మొదటి మెట్టులో మిథైళ్లు అనే చిన్న కొమ్మలు రాలి, రెండు ఆక్సిజన్ల పెరాక్సైడ్ వంతెన నిలిచింది. సంతోషం. ఆకారాన్ని మాత్రమే మిగిల్చే జెనరిక్ అనే ఆదేశం ఇచ్చానో లేదో, ప్రతి పరమాణువూ కార్బనే, ప్రతి బంధమూ ఏకబంధమే. మందుకు ప్రాణమైన ఆ ఆక్సిజన్ల జంట మాయం. పైగా వలయానికి ద్విబంధంతో అతికిన ఆక్సిజన్‌ను ఆర్‌డీకిట్ చట్రంలో భాగంగానే ఉంచుతుంది కదా, అదీ కార్బన్‌గా మారి మొలకలా వేలాడింది. స్కాఫోల్డ్ ఆదేశాన్ని మరోసారి నడిపితే గాని రాలదు. ముందే చదువుకోక ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. వేల అణువులను ఆకారాన్ని బట్టి పోగులు పెట్టేవారికి జెనరిక్ పనికొస్తుంది. మందు ఎలా పనిచేస్తుందో వెతికేవారు దాని జోలికి పోకపోవడమే మేలు.

నిన్న ఒక అమ్మాయి మధుమేహం మందు మెట్‌ఫార్మిన్ ఇచ్చి తెర వైపు చూస్తూ కూర్చుంది. ఖాళీ.

"మాస్టారూ, నాన్నగారు రోజూ వేసుకునే మాత్ర ఇది. ఏమీ రాలేదేమిటి?"

"వలయమే లేని అణువమ్మా అది. ఇంక మిగలడానికి ఏముంది?"