పదో తరగతి లెక్కలు: మనమే నేర్పాలా, పిల్లల చేత చెప్పించుకోవాలా?

బడులు తెరిచిన వారం పది రోజులకే గుంటూరులో తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మాస్టారూ, లెక్కలు మేమే కూర్చోబెట్టి చెప్పమంటారా, ట్యూషన్‌లో వేయమంటారా?" ఇరవై రెండేళ్లుగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. ఈ ప్రశ్నలోకి రాని దారి ఇంకొకటి ఉంది: నేర్పకుండా, పిల్లల చేత చెప్పించుకోవడం. నేను మొగ్గేది దానివైపే.

తండ్రే నేర్పితే లాభం లేకపోలేదు. సందేహం పుట్టినచోటే తీరుతుంది, పైసా ఖర్చుండదు. కానీ పగలంతా పనిచేసి వచ్చిన మనిషికి ఓపిక తక్కువ. పిల్ల రెండు నిమిషాలు తడబడితే పెన్ను తనే అందుకుంటాడు. నిరుడు ఒక అమ్మాయి నోటుపుస్తకంలో చూశాను. వర్గ సమీకరణం: రెండు ఎక్స్ స్క్వేర్ మైనస్ ఏడు ఎక్స్ ప్లస్ మూడు ఈజ్ ఈక్వల్ టు సున్నా. మధ్య పదాన్ని మైనస్ ఆరు ఎక్స్, మైనస్ ఎక్స్ అని విడగొట్టేదాకా గుండ్రటి అక్షరాలు, ఆ పిల్లవే. ఆ తర్వాత మైనస్ ఒకటిని బయటికి తీసి బ్రాకెట్‌లో గుర్తు మార్చాలి. అక్కడ కొట్టివేత; దాని కింద నుంచి జవాబు దాకా వాలు రాత, వాళ్ల నాన్నది. లెక్క తప్పు లేకుండా ఉంది. తర్వాతి పరీక్షలో ఆ అమ్మాయి సరిగ్గా ఆ బ్రాకెట్ దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో ఆ గుర్తు మార్చింది ఆమె కాదు మరి.

అదే తరగతి, అదే లెక్క, ఇంకో ఇల్లు. బ్రాడీపేటలో బట్టలు కుట్టే ఒక తల్లి ఏడో తరగతితో చదువు ఆపేసింది. మావాళ్ల జాకెట్లు తెచ్చుకోవడానికి వెళ్లిన సాయంత్రం, కొడుకు మిషను పక్కన కూర్చుని లెక్క పైకి చదువుతూ చేస్తున్నాడు. "ఆ మైనస్ ఎక్కడి నుంచి వచ్చింది నాన్నా?" అని అడిగింది. వాడు ఆగాడు, పై వరుస చూశాడు, తప్పు తనే దిద్దుకున్నాడు. "మూడు వచ్చిందన్నావు కదా, మూడు పెట్టి చూపించు" అంది. రెండు తొమ్మిదులు పద్దెనిమిది, ఏడు మూళ్లు ఇరవై ఒకటి. పద్దెనిమిదిలో ఇరవై ఒకటి తీసి మూడు కలిపితే సున్నా. ఇలా సరిచూడటానికి బీజగణితం రానక్కర్లేదు, ఎక్కాలు వస్తే చాలు. చదువుకోలేదని వెనకాడే తల్లులందరికీ ఈ మాట గట్టిగా చెబుతాను.

2009లో అమెరికాలో నాన్సీ హిల్, డయానా టైసన్ అనే పరిశోధకులు పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్రపై వచ్చిన 50 అధ్యయనాలను కలిపి చూశారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసు పిల్లలకు బాగా కలిసివచ్చింది తల్లిదండ్రులు చదువు విలువ గురించి, ముందున్న లక్ష్యాల గురించి మాట్లాడటం. హోంవర్కులో సాయానికి మాత్రం అలాంటి ఫలితం కనిపించలేదు. అయితే వెనకబడిన పిల్లలకే ఇంట్లో సాయం ఎక్కువగా అందుతుంది. కాబట్టి సాయమే చెడగొట్టిందని తేల్చేయకూడదు. నా తరగతిలో నేను చూసిందల్లా పెన్ను ఎవరి చేతిలో ఉందన్నదే. మన పదో తరగతి పరీక్షలో వందకు 40 మార్కులు 8 మార్కుల ప్రశ్నలవే. సోపానాలన్నీ పిల్లలే రాయాలి.

నేర్పాలనే పట్టుదల ఉన్న తండ్రులకు ఇంకో సంగతి. 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర సంస్థ) లెక్కల పుస్తకం వచ్చింది. పాత పుస్తకంలోని సమితులు, సంవర్గమానాలు ఇందులో లేవు. మీ కాలం పద్ధతి మొదలుపెట్టే ముందు పిల్లల పుస్తకం ఒకసారి తిరగేయండి.

 

ట్యూషన్ అవసరమైన పిల్లలు ఉన్నారు. భిన్నాలు, రుణసంఖ్యలు ఏడో తరగతిలోనే జారిపోయి ఉంటే అమ్మ పక్కన కూర్చున్నంత మాత్రాన అవి తిరిగి రావు. అప్పుడు పదిమందికి మించని చోట వేయండి, మొదటి నెల పాత పాఠాలే చెప్పమని అడగండి. ట్యూషన్ నుంచి వచ్చాక మాత్రం, ఆ రోజు చేసినవాటిలో ఒక్క లెక్క పిల్లల చేత చెప్పించుకోండి. పావుగంట పడుతుంది. పెన్ను ముట్టుకోకండి.