రెండుసార్లు మెడికల్ సీటు రాకపోతే: వెంటనే మళ్లీ అప్లై చేయడమా, ఏడాది ఆగడమా, దారి మార్చడమా?

అమెరికాలో ఎమ్‌డీ సీటు కోసం ఏటా 50,000 మందికి పైగా అప్లై చేస్తున్నారు. చేరుతున్నది 23,000 మంది. అంటే సగానికి పైగా పిల్లలు ప్రతి ఏడాదీ సీటు లేకుండా మిగులుతారు. వాళ్లంతా చదువు రానివాళ్లేం కాదు. మంచి జీపీఏ, మెడికల్ ఎంట్రన్స్ పరీక్ష ఎంక్యాట్‌లో మంచి స్కోరు ఉన్నవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఈ లెక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. మన ఇళ్లలో ఒకసారి సీటు రాకపోతే పరువు పోయినట్టు చూస్తాం. రెండోసారీ రాకపోతే ఆ మాట ఎత్తడమే మానేస్తాం. పిల్లలు ఎవరినీ అడగలేక, పాత అప్లికేషన్‌నే కాస్త దిద్ది మూడోసారి పంపేస్తారు. నాకు బాధ కలిగించేది సీటు రాకపోవడం కన్నా ఇదే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మొదటిసారి రాకపోతే వెంటనే మళ్లీ వేయడంలో కొంత న్యాయం ఉండొచ్చు. రెండోసారీ రాకపోతే మాత్రం ఎక్కువమందికి ఒక ఏడాది ఆగడమే మేలు. ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు, ఫైలులో ఏది బలహీనంగా ఉందో దాన్ని మార్చడం.

ముందు, ఫైలు ఎక్కడ ఆగింది?

ఏ దారి మేలో తేల్చేది ఈ ఒక్క ప్రశ్నే. పాతిక స్కూళ్లకు వేస్తే ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదంటే సమస్య మార్కుల్లోనో, అప్లై చేసిన సమయంలోనో, స్కూళ్ల ఎంపికలోనో, రాసిన వ్యాసాల్లోనో ఉంది. మూడు నాలుగు ఇంటర్వ్యూలు వచ్చీ సీటు రాలేదంటే కాగితం మీద పిల్లవాడు బాగానే ఉన్నాడు, మాట్లాడేటప్పుడే ఎక్కడో తేడా వస్తోంది. అలాంటివాడు మళ్లీ ఎంక్యాట్ రాస్తానని ఆరు నెలలు గదిలో కూర్చుంటే ఆ శ్రమంతా వృథా. వెయిట్‌లిస్ట్‌లో ఆగిపోయినవాళ్ల సంగతి వేరే, వాళ్లు దాదాపు గుమ్మం దాకా వచ్చారు.

కొన్ని స్కూళ్లు అడిగితే కారణం చెబుతాయి, సీజన్ ముగిశాక ఈమెయిల్‌లోనో ఫోన్‌లోనో. అన్నీ చెప్పవు, అయినా అడగాలి. అడగాల్సింది మాత్రం అప్లై చేసిన అమ్మాయో అబ్బాయో. తల్లిదండ్రులు ఫోన్ చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

వెంటనే వేయడమా, ఏడాది ఆగడమా?

ఎమ్‌డీ స్కూళ్లకు ఉమ్మడి అప్లికేషన్ ఆమ్‌కాస్. అది మే మొదట్లో తెరుచుకుంటుంది, మే చివరి నుంచి సబ్మిట్ చేయొచ్చు. పాత సీజన్ ఫలితాలు, వెయిట్‌లిస్టులు తేలేది ఏప్రిల్, మే నెలల్లో, ఒక్కోసారి వేసవి మధ్యలో. అంటే ఒక సీజన్ ముగియడానికీ మరొకటి మొదలవడానికీ మధ్య కొన్ని వారాలే ఉంటాయి, చాలాసార్లు అవీ ఉండవు. ఆ కొద్ది వారాల్లో జీపీఏ మారదు. ఆసుపత్రిలో పనిచేసిన గంటలు పెద్దగా పెరగవు. కొత్త రికమెండేషన్ లెటర్ రాసేంతగా ఎవరికీ మన పిల్లలు పరిచయం కారు.

మళ్లీ వేసిన వాళ్లను చాలా స్కూళ్లు సెకండరీలో, అంటే ఆమ్‌కాస్ తర్వాత ఒక్కో స్కూలూ విడిగా పంపే అప్లికేషన్‌లో, సూటిగా అడుగుతాయి: గతసారి తర్వాత ఏం మారింది? ఆ ప్రశ్నకు ఇంట్లో కూర్చుని ఇవాళే జవాబు రాసి చూడమనండి. నాలుగు వాక్యాల్లో గట్టి విషయం వస్తే వెంటనే వేయొచ్చు. "ఇంకా పట్టుదలగా ఉన్నాను" అన్న ఒక్క మాటే వస్తే ఆగాలి.

వెంటనే వేయడం మేలైన సందర్భాలు ఉన్నాయి. గతసారి సెప్టెంబర్, అక్టోబర్‌లలో అప్లై చేసి ఉంటే అదొక్కటే కారణం కావచ్చు. ఇక్కడ చాలా స్కూళ్లు వచ్చిన అప్లికేషన్లను వచ్చినట్టే చూస్తూ ఇంటర్వ్యూలు ఇచ్చుకుంటూ పోతాయి, ఆలస్యంగా వచ్చిన వాటికి మిగిలే చోటు తక్కువ. అదే ఫైలు జూన్ మొదట్లో పంపితే ఫలితం మారొచ్చు. స్కూళ్ల జాబితా తప్పయినా అంతే. పేరున్న పదిహేను స్కూళ్లకు మాత్రమే వేసి, సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ స్కూళ్లను చిన్నచూపు చూసినవాళ్లు ఉంటారు. టెక్సస్ సంగతే తీసుకోండి. అక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు బయటి రాష్ట్రాల వాళ్లను పది శాతానికి మించి తీసుకోకూడదన్నది చట్టం. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటూ టెక్సస్ వాళ్ల సొంత అప్లికేషన్ టీఎమ్‌డీశాస్ వేయకపోవడమంటే చేతిలో ఉన్న అవకాశాన్ని వదులుకోవడమే.

ఖర్చు కూడా చూడాలి. ఆమ్‌కాస్‌లో మొదటి స్కూలుకు 175 డాలర్లు, ఆపై ఒక్కో స్కూలుకు 45 డాలర్ల పైచిలుకు. పాతిక స్కూళ్లంటే దాదాపు 1,300 డాలర్లు. ఆ తర్వాత సెకండరీ ఫీజులు స్కూలుకు సుమారు వంద వేసుకున్నా ఇంకో 2,500. ఏ మార్పూ లేని ఫైలుకు అంత డబ్బు పోయడం కన్నా, ఆ డబ్బుతో రెండు కోర్సులు చదవడం మేలు. కొన్ని స్కూళ్లు ఒక మనిషి ఎన్నిసార్లు అప్లై చేయొచ్చో కూడా పరిమితి పెట్టాయి. అలాంటిచోట అరకొర అప్లికేషన్‌తో ఒక అవకాశం ఖర్చయిపోతుంది.

ఆగడంలోనూ నష్టం ఉంది. ఎంక్యాట్ స్కోరును చాలా స్కూళ్లు రెండు మూడేళ్ల వరకే ఒప్పుకుంటాయి, ఆగితే మళ్లీ రాయాల్సి రావొచ్చు. ఆ పరీక్ష ఇష్టమొచ్చినన్ని సార్లు రాయడానికీ లేదు. ఏడాదిలో 3, వరుసగా రెండేళ్లలో 4, జీవితం మొత్తంలో 7 సార్లు, అంతే. రిజిస్టర్ చేసుకుని వెళ్లకపోయినా ఒకసారి రాసినట్టే లెక్క. రాసిన ప్రతి స్కోరూ స్కూళ్లకు కనబడుతుంది. ఎమ్‌డీలో చేరిన వాళ్ల సగటు 511 దాటింది. 508 వచ్చిన పిల్లవాడు ప్రాక్టీస్ పరీక్షల్లో 514 స్థిరంగా తెచ్చుకుంటుంటేనే మళ్లీ రాయాలి. "ఈసారి బాగా రాస్తాను" అన్న నమ్మకంతో రాసి 506 తెచ్చుకుంటే ఫైలు ఇంకా బలహీనపడుతుంది.

జీపీఏ తక్కువైతే: పోస్ట్‌బ్యాకా, ఎస్‌ఎమ్‌పీనా?

మన వాళ్లు ఈ లెక్క వేసుకోకుండానే డబ్బు కట్టేస్తుంటారు. 120 క్రెడిట్లకు 3.2 జీపీఏ ఉందనుకుందాం. ఇంకో 30 క్రెడిట్లు చదివి అన్నింట్లో "ఏ" గ్రేడే తెచ్చుకున్నా అది 3.36 అవుతుంది. 3.4 చేరాలంటే 40 క్రెడిట్లు కావాలి. పాత గ్రేడు చెరిగిపోదు, మళ్లీ చదివిన కోర్సు ఉంటే రెండు గ్రేడ్లనూ కలిపే లెక్కిస్తారు. ఒకప్పుడు డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్ డిగ్రీ) స్కూళ్ల వైపు పాత గ్రేడు తీసేసే వీలుండేది, 2017లో అదీ పోయింది.

పోస్ట్‌బ్యాక్ అంటే డిగ్రీ అయ్యాక అదనంగా చదివే కోర్సులు, అవి అండర్‌గ్రాడ్ జీపీఏలో కలుస్తాయి. దగ్గర్లోని యూనివర్సిటీలో ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు, ఖర్చు తక్కువ. ఎస్‌ఎమ్‌పీ (స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్) ఏడాది మాస్టర్స్. మెడికల్ విద్యార్థులు చదివే పాఠాలే ఇందులోనూ ఉంటాయి, జార్జ్‌టౌన్‌లో ఉన్నది బాగా తెలిసిన ప్రోగ్రామ్. దాని గ్రేడ్లు విడిగా ఉంటాయి, పాత జీపీఏని కదిలించవు. ఖర్చు పదుల వేల డాలర్లలో. అందులో బాగా చదివితే "వీడు మెడికల్ స్కూల్ తట్టుకోగలడు" అన్న రుజువు దొరుకుతుంది. బాగా చదవకపోతే ఆ తర్వాత చూపించడానికి ఇంకేమీ మిగలదు. అందుకే జీపీఏ 3.3 నుంచి 3.5 మధ్య ఉన్నవాళ్లు ముందు పోస్ట్‌బ్యాక్ చేసి, అక్కడ వరుసగా "ఏ" గ్రేడ్లు వచ్చాకే ఎస్‌ఎమ్‌పీ గురించి ఆలోచించాలన్నది నా మాట.

ఎమ్‌డీ మాత్రమేనా, డీఓ కూడానా?

"డీఓ అంటే డాక్టరేనా?" అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. డాక్టరే. యాభై రాష్ట్రాల్లోనూ మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, ఎమ్‌డీతో సమానంగా. అమెరికాలో ఇప్పుడు మెడిసిన్ చదువుతున్న వాళ్లలో పావు వంతుకు పైగా డీఓ స్కూళ్లలోనే ఉన్నారు. ఒకప్పుడు రెసిడెన్సీలు (మెడికల్ స్కూల్ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ) వేరువేరుగా ఉండేవి, 2020 నాటికి ఆ రెండు వ్యవస్థలూ కలిసిపోయాయి. 2025 మ్యాచ్‌లో, అంటే ఏటా రెసిడెన్సీ సీట్లు కేటాయించే ప్రక్రియలో, ఎమ్‌డీ చివరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతానికి రెసిడెన్సీ దొరికితే, డీఓ వాళ్లలో 92.6 శాతానికి దొరికింది.

తేడాలు లేవని అనను. డెర్మటాలజీ, న్యూరోసర్జరీ వంటి పోటీ ఎక్కువున్న విభాగాలకు డీఓ నుంచి వెళ్లడం కష్టం. డీఓ వాళ్లు తమ లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్ తప్పనిసరిగా రాయాలి. పోటీ విభాగాలు కోరుకునే చాలామంది ఎమ్‌డీలు రాసే లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ కూడా రాస్తారు, అంటే రెట్టింపు పరీక్షలు. అమెరికా బయట అన్ని దేశాల్లోనూ డీఓకి ఒకే గుర్తింపు లేదు. ఎప్పటికైనా వేరే దేశంలో స్థిరపడాలనుకుంటే ఇది ముందే చూసుకోవాలి.

కానీ అబ్బాయి ఫ్యామిలీ డాక్టరో, ఇంటర్నిస్టో, పిల్లల డాక్టరో కావాలనుకుంటే, ఎమ్‌డీ అన్న రెండు అక్షరాల కోసం మూడో ఏడాది, నాలుగో ఏడాది పోగొట్టుకోవడం సరైన బేరం కాదు. రెండోసారి నుంచైనా డీఓ అప్లికేషన్, అంటే ఆకోమాస్, పక్కనే వేసి తీరాలి. డీఓలో చేరిన వాళ్ల సగటు ఎంక్యాట్ 504 చుట్టూ ఉంటుంది. అప్లికేషన్‌లో ఒక డీఓ డాక్టరు దగ్గర షాడోయింగ్ (పక్కనే ఉండి పని గమనించడం), వీలైతే ఆయన లెటర్ ఉంటే బాగుంటుంది. అది కూడా ఆ ఆగిన ఏడాదిలో చేసుకునే పనే.

కరీబియన్, ఇండియా

కరీబియన్ స్కూళ్ల నుంచి సీటు ఇట్టే వస్తుంది, రెండు రిజెక్షన్ల తర్వాత అది ఎంత ఊరటగా ఉంటుందో నాకు తెలుసు. అయినా దీన్ని చివరిదిగానే ఉంచాలి. 2025లో విదేశాల్లో చదివొచ్చిన అమెరికా పౌరుల్లో రెసిడెన్సీ దొరికింది 67.8 శాతానికి. ఆ లెక్క మ్యాచ్ దాకా వచ్చినవాళ్లదే, మధ్యలో ఆగిపోయినవాళ్లు అందులో లేరు. 2022 జనవరి నుంచి యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ స్టెప్ 1కి స్కోరు లేదు, పాసా ఫెయిలా అన్నది మాత్రమే. పెద్ద స్కోరు తెచ్చుకుని స్కూలు పేరును మరిపించే దారి అక్కడ మూసుకుపోయింది. పైగా 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవారికి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం 200,000 డాలర్లకే పరిమితం. మిగతాది ప్రైవేట్ అప్పు. రెసిడెన్సీ రాకపోతే ఆ అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఇండియాలో ఎమ్‌బీబీఎస్ చదవాలంటే ఎన్నారై కోటాకైనా నీట్ అర్హత తప్పదు. ఇక్కడ పెరిగి డిగ్రీ పూర్తి చేసిన పిల్లలు మళ్లీ ఫిజిక్స్‌తో మొదలుపెట్టి, అయిదున్నరేళ్లు చదివి, తిరిగొచ్చి విదేశీ గ్రాడ్యుయేట్‌గా మ్యాచ్‌లో నిలబడాలి. అక్కడే ప్రాక్టీస్ చేయాలన్న కోరిక నిజంగా ఉంటే తప్ప ఇది నేను సూచించను.

వీసా మీద ఉన్న పిల్లలు

వీళ్ల విషయంలో పై లెక్కలన్నీ మారిపోతాయి. గ్రీన్‌కార్డ్ లేనివాళ్లను చాలా ఎమ్‌డీ స్కూళ్లు అసలు పరిశీలించవు. తీసుకునే వాటిలోనూ కొన్ని ఫీజు మొత్తాన్నో, కొంత భాగాన్నో ముందే బ్యాంకులో చూపించమంటాయి. ఫెడరల్ లోన్ దొరకదు. హెచ్‌4 మీద పెరిగి 21 నిండగానే ఎఫ్‌1కి మారిన అమ్మాయికి రెండుసార్లు రాలేదంటే, కారణం ఆమె ఫైలు కాకపోవచ్చు. ఆమ్‌కాస్‌ను నడిపే ఏఏఎమ్‌సీ సంస్థవారి ఎమ్‌సార్ జాబితాలో ప్రతి స్కూలూ ఎవరిని తీసుకుంటుందో ఉంటుంది. ఆ జాబితా చూడకుండా ముప్పై స్కూళ్లకు వేయడం కన్నా, చూసి పదింటికి వేయడం మేలు. తల్లిదండ్రుల గ్రీన్‌కార్డ్ ఏడాది రెండేళ్లలో వచ్చే సూచన ఉండి, అప్పటికీ అమ్మాయి దాని కిందకే వస్తుందని లాయరు చెబితే, ఈ ఒక్క సందర్భంలో కేవలం ఆగడం కూడా మంచి నిర్ణయమే.

మూడోసారి కూడా రాకపోతే పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) చదువు గురించి ఇంట్లో బాహాటంగా మాట్లాడుకోవాలి. అది సాధారణంగా రెండేళ్ల పైచిలుకు మాస్టర్స్, రోగుల్ని చూసే పనే. స్క్రైబ్‌గానో (డాక్టరు నోట్సు రాసే పని), ఈఎమ్‌టీగానో (అంబులెన్స్ సిబ్బంది), మెడికల్ అసిస్టెంట్‌గానో ఆగిన ఏడాదిలో పనిచేసిన అనుభవాన్ని మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో రాసుకోవచ్చు, చాలా పీఏ ప్రోగ్రాములూ లెక్కలోకి తీసుకుంటాయి. కాబట్టి ఆ ఏడాది ఏ ఉద్యోగం చేయాలో ఎంచుకునేటప్పుడు ల్యాబ్‌లో పని కన్నా రోగుల పక్కన ఉండే పనికే మొగ్గు చూపమని చెబుతాను.