పబ్‌మెడ్‌లో ఏరుకున్న పేపర్లు క్లిప్‌బోర్డ్‌లో పెట్టాలా, కలెక్షన్స్‌లోనా?

వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైట్ పబ్‌మెడ్‌లో ఏదైనా వెతికితే వందల్లో రిజల్ట్స్ వస్తాయి, పనికొచ్చేవాటికి టిక్ పెట్టి 'సెండ్ టు' నొక్కితే ఈ రెండూ కనిపిస్తాయి, అక్కడే అందరికీ డౌటు.

ఖర్చు: రెండూ ఫ్రీనే.

శ్రమ: క్లిప్‌బోర్డ్‌కి లాగిన్ అక్కర్లేదు. కలెక్షన్స్‌కి ఎన్‌సీబీఐ (పబ్‌మెడ్‌ని నడిపే అమెరికా ప్రభుత్వ సంస్థ) అకౌంట్ కావాలి, గూగుల్ ఐడీతో అయిపోతుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే ఉంది. క్లిప్‌బోర్డ్‌లో 500 వరకే పడతాయి, పైగా 8 గంటలు ముట్టుకోకపోతే మొత్తం పోతాయి, అంటే రాత్రి 11కి కష్టపడి ఏరిపెట్టి పడుకుంటే పొద్దున 8కి ఒక్కటీ ఉండదు, నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. కలెక్షన్స్‌లోవి మనం తీసేదాకా ఉంటాయి, వేరే కంప్యూటర్‌లోనూ తెరుచుకోవచ్చు.

రెండు మూడు సెర్చ్‌లవి ఒకచోట వేసి అప్పటికప్పుడే ఫైల్ దించుకునేవాళ్ళకి క్లిప్‌బోర్డే హాయి. థీసిస్ రాసేవాళ్ళు, గైడ్‌కి లిస్ట్ చూపించాల్సినవాళ్ళు మాత్రం మొదటి రోజే కలెక్షన్ పెట్టుకోండి.