నోవోగ్రో సమీక్ష: ఎంజైమ్ ఫ్యాక్టరీ పిప్పి పొలానికి ఎంత మేలు?

డెన్మార్క్‌లోని కాలుండ్‌బోర్గ్‌లో ఎంజైములు తీశాక మిగిలే పిప్పిని 1976 నుంచి చుట్టుపక్కల పొలాలకు ఉచితంగా ఎరువుగా ఇస్తూ వచ్చారు. దాని పేరు నోవోగ్రో. ఇచ్చే కంపెనీ ఒకప్పుడు నోవో, తర్వాత నోవో నార్డిస్క్, ఆ తర్వాత నోవోజైమ్స్, 2024 నుంచి నోవోనెసిస్. బోర్డు మీద పేరు మారింది గానీ పిప్పి రావడం ఆగలేదు. ఒక ఫ్యాక్టరీ వ్యర్థం ఇంకొకరికి ముడిసరుకు ఎలా అవుతుందో చెప్పే ప్రతి వ్యాసమూ దీన్ని ఆకాశానికెత్తుతుంది. ఎరువుగా మాత్రమే తూచి చూస్తే నత్రజనికి మంచిది, పొటాష్‌కు ఆధారపడలేం, సున్నం ఇప్పటికే ఎక్కువున్న నేలకు అసలు వద్దు.

ఎందుకో తెలియాలంటే ఇది ఎలా పుడుతుందో చూడాలి. బాసిల్లస్, ఆస్పర్‌జిల్లస్ వంటి సూక్ష్మజీవులను పిండిపదార్థాలు, మాంసకృత్తులు, లవణాలు కలిపిన ద్రవంలో పెంచుతారు. అవి వదిలిన ఎంజైమ్ ఆ ద్రవంలోనే కరిగి ఉంటుంది. దాన్ని వేరు చేయడానికి ఇలాంటి ఫ్యాక్టరీల్లో మామూలుగా కాల్షియం లేదా అల్యూమినియం లవణాలు, పాలిమర్ వేసి కణాలను ముద్దకట్టిస్తారు. తర్వాత డ్రమ్ ఫిల్టర్ మీద కీసెల్‌గుర్ (వడపోతకు వాడే సిలికా మట్టి పొడి) పొర గుండా వడకడతారు. ఎంజైమ్ పొర దాటి లోపలికి పోతుంది. పొటాషియం కూడా చాలావరకు దాని వెంటే పోతుంది. పైన మిగిలేది కణాల ముద్ద. జన్యుమార్పిడి జీవులు కనుక ఒక్కటీ ప్రాణంతో గేటు దాటకూడదు. అందుకే సున్నం కలిపి, వేడిచేసి చంపుతారు.

మంచీ చెడూ రెండూ ఈ సున్నం దగ్గరే మొదలవుతాయి. సున్నం పీహెచ్‌ను, అంటే క్షార గుణం కొలతను, పెంచుతుంది. పీహెచ్ 9.25 దగ్గర అమ్మోనియా నత్రజనిలో సగం వాయురూపంలో ఉంటుంది. 11 దాటితే దాదాపు అంతా వాయువే. అంటే గాలి, ఎండ ఉన్న రోజున పైపైన చల్లి వదిలేస్తే పంటకు అందాల్సిన నత్రజని ఊరి ముక్కులకు చేరుతుంది. నేలను తాకుతూ సాగే గొట్టాలతో పోయించి, గంటల వ్యవధిలోనే మట్టిలో కలిపెయ్యాలి. భాస్వరం కాల్షియంతో కట్టుబడి ఉంటుంది కాబట్టి నెమ్మదిగా అందుతుంది. తొలి పంటకే మొత్తం లెక్కేసుకుంటే తేడా కొడుతుంది. ఆమ్ల నేలలకు మాత్రం ఎరువుతో పాటు సున్నమూ దక్కినట్టే. పీహెచ్ 7.5 పైన ఉన్న నేలలో ఇదే సున్నం జింకు, ఇనుము మొక్కకు అందకుండా చేస్తుంది.

ఇక ‘ఉచితం’ సంగతి. పారబోయడం కంటే పంచిపెట్టడమే ఫ్యాక్టరీకి చవక కాబట్టి ఉచితం, అందులో దాపరికమేమీ లేదు. ఖర్చంతా నీళ్లను మోయడంలో ఉంది. 5 శాతం ఘనపదార్థమున్న 100 టన్నుల ద్రవంలో 95 టన్నులు నీళ్లే. నీళ్లు పిండేసి దాన్నే 30 శాతానికి తెస్తే 17 టన్నులకు దిగుతుంది. ద్రవ రకం దగ్గరి పొలాలకే గిట్టుబాటు. దూరం పెరిగితే రవాణా అక్షరాలా తడిసి మోపెడవుతుంది. నోవోగ్రో 30 అనే గట్టి రకం వచ్చింది అందుకే. పైగా ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా నడుస్తుంది, పొలం మాత్రం చలికాలంలో ద్రవ ఎరువు తీసుకోదు. డెన్మార్క్ నిబంధనలూ ఒప్పుకోవు. నెలల తరబడి నిల్వ చేసే ట్యాంకులు లేకుండా ఈ పద్ధతిని మరో చోట మొదలుపెట్టడం దండగ. రైతు వైపు నుంచి చూస్తే, వసంతంలో తడి బంకమట్టి మీదికి బరువైన ట్యాంకరు దిగితే అణిగిపోయిన నేల ధర ఏ బిల్లులోనూ కనపడదు.

2018లో ప్రారంభమైన కాలుండ్‌బోర్గ్ బయోఎనర్జీ ప్లాంటు వచ్చాక పిప్పి ముందు గ్యాస్ ఇస్తుంది, మిగిలిన ద్రవం పొలానికి పోతుంది. ఇది పాత పద్ధతి కంటే స్పష్టంగా మెరుగు: మీథేన్ గ్యాస్ లైన్లోకి ఎక్కుతుంది, మాంసకృత్తుల్లోని నత్రజని మొక్క వెంటనే తీసుకునే అమ్మోనియంగా మారుతుంది. అయితే ఎంజైమ్ పిప్పి డైజెస్టర్‌ను, అంటే గ్యాస్ పుట్టించే మూసిన ట్యాంకును, సతాయించే సరుకు. మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి మొత్తం అమ్మోనియా నత్రజని లీటరుకు 3–4 గ్రాములు దాటితే మీథేన్ తగ్గుముఖం పడుతుంది. 50 డిగ్రీల పైన నడిపే డైజెస్టర్లో ఇంకా ముందే. శుద్ధికి అమ్మోనియం సల్ఫేటు వాడి ఉంటే ఆ సల్ఫేటు హైడ్రోజన్ సల్ఫైడ్‌గా తేలుతుంది. నురుగు ఆపడానికి వేసిన నూనెలు, మిగిలిన మాంసకృత్తులు కలిసి డైజెస్టర్లో కొత్త నురుగు లేపుతాయి. కీసెల్‌గుర్ అడుగున పేరుకుని పంపులో తిరిగే రెక్కలను (ఇంపెల్లర్లను) అరగదీస్తుంది. సున్నం ముందే పట్టించిన పిప్పి అయితే కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి వేడిని అందించే గొట్టాల్లో (హీట్ ఎక్స్‌ఛేంజర్లలో) గారకడుతుంది. చంపడానికి వేడి సరిపోతున్నప్పుడు సున్నం జోలికి పోకుండా డైజెస్టర్‌కు పంపడమే మేలు.

మరో దేశంలో ఇలాంటి ఎరువు ఎవరైనా ఇవ్వజూపితే ప్రతి బ్యాచ్‌కీ నాలుగు అంకెలు అడగండి: ఘనపదార్థం శాతం, మొత్తం నత్రజనిలో అమ్మోనియం వాటా, పీహెచ్, భాస్వరం. వాటితో పాటు కణాలను ముద్దకట్టించడానికి ఏం వాడారో కూడా అడగాలి. అల్యూమినియం లవణమైతే భాస్వరం లెక్క మళ్లీ మారుతుంది. ప్రయోగశాల కాగితం మీద మొత్తం బాగానే కనిపిస్తుంది గానీ మొక్కకు అందేది అందులో కొంతే.