పేజీలోంచి లేచే ఏనుగు: ఏడాదిన్నర వాడాక నా మాట

రాజోలు దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. మూడు, నాలుగు తరగతుల పిల్లలు పదకొండు మంది. ఇంగ్లీషు చదవడం వస్తుందేమోనని ఆరు ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే ఫోన్‌లోంచి చూస్తే బొమ్మ లేచి నిలబడే) పుస్తకాల సెట్టు ఆన్‌లైన్‌లో కొన్నాను. బడి పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ లాంటిదే అనుకున్నా కానీ కాదు. కోడ్ లింకు తెరుస్తుందంతే. ఇక్కడ ఫోన్ కెమెరా పేజీలోని బొమ్మనే గుర్తుపట్టి, దాని మీద త్రీడీ బొమ్మను నిలబెడుతుంది. పుస్తకం తిప్పితే ఏనుగూ తిరుగుతుంది. పదం మీద నొక్కితే పలుకుతుంది.

మొదటి నెలంతా తిరనాళ్లే. ఒక పాపని "ఏనుగు కింద ఏం రాసుందే?" అని అడిగితే, "తొండం ఊపుతుందండి" అంది. అప్పుడు తెలిసొచ్చింది, నెల రోజుల్లో ఎవరూ ఒక్క లైనూ చదవలేదని.

అప్పట్నుంచి ఫోన్ నా చేతిలోనే. ముందు వేలు పెట్టి పేజీలోని మూడు లైన్లూ చదవాలి, ఆ తర్వాతే ఏనుగు. ఈ పద్ధతి పనిచేసింది. ఒకడు knife అన్న మాటను "కనైఫ్" అని చదివాడు. ఫోన్ "నైఫ్" అంది. "మరి ఆ కె ఎందుకండి, ఉత్తినే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మొన్న సంక్రాంతి సెలవుల ముందు, ఏం నచ్చిందో చెప్పమన్నాను. బొమ్మలంటారనుకున్నా. ఎక్కువమంది, ఫోన్ పదం పలికి వినిపించడమే బాగుందన్నారు. ఏనుగుని ఒకసారి చూశాక మళ్లీ చూడబుద్ధి కాదట. ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు "తప్పు చదివితే ఫోన్ నవ్వదండి" అన్నాడు. ఇంకొకడు మాత్రం "ఫోన్‌లో అక్క మీరు చెప్పినట్టు చెప్పట్లేదండి" అని ఫిర్యాదు. చూస్తే తప్పు నాదే! ఇరవై ఏళ్లుగా నేను "వెజిటేబుల్" అంటున్నాను, అది "వెజ్‌టబుల్".

ఇక చిరాకులు. వానాకాలం చెమ్మకి పేజీలు వంకర్లు తిరుగుతాయి, కెమెరా పోల్చుకోదు. నేను రాత్రిళ్లు పుస్తకాల మీద సన్నికల్లు పెట్టి ఉంచేదాన్ని. ట్యూబ్‌లైట్ కింద నున్నటి కాగితం మెరిసిపోయి బొమ్మ రాదు, కిటికీ పక్కకి జరగాలి. పదకొండు మందికి ఒక ఫోన్, అరగంటకే వేడెక్కిపోతుంది. మీది ర్యామ్ తక్కువున్న పాత ఫోన్ అయితే ఈ పుస్తకాలు కొనకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒక్కొక్కటి మామూలు కథల పుస్తకానికి మూడింతల ధర, పైగా పేజీకి మూడే లైన్లు. నాలుగో తరగతికి అది చాలదు.

అన్నిటికంటే కడుపు మండింది యాప్ అప్‌డేట్ తర్వాత. రెండు పుస్తకాల్లో బొమ్మలు రావడం మానేశాయి. మెయిల్ పెట్టాను, జవాబు లేదు.

ఆ రెండిట్లో ఒకదాంట్లోనే మా ఏనుగు. మొన్న కొత్తగా చేరిన బుడ్డోడికి ఆ పాపే పుస్తకం చూపిస్తోంది. "ఇక్కడ ఏనుగు లేచేదిరా" అంటూ, వేలు పెట్టి మూడు లైన్లూ చదివేసింది.